ఏ కథ నిజము?

లోకమున కథలు రెండు విధములు. విని మఱచిపోవునవి కొన్ని. విన్నపిదప మన యింటి యటుకమీది మూటను దింపించి ముడి విప్పించునవి కొన్ని. గడచిన వేసవిలో మేము చూచిన యొక చలనచిత్రము రెండవ తెగలోనిది. దానినిగూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. సినిమా ముచ్చటయే కదా యని త్రోసివేయవలదు. ముచ్చట సినిమాతో మొదలైనను మా యింటి యరుగుమీద ముగిసినది.

మాది నస్పూరు. మంచిర్యాల కానుకొని, గోదావరికి ఉత్తరపు గట్టున, బొగ్గుబావుల నడుమ నున్న యూరు. మా పేటను నేటికిని అందఱు ‘సీసీసీ’ యందురు. ఒకప్పటి కోల్ కెమికల్ కాంప్లెక్సు పేరు పొట్టియై నిలిచిపోయిన మాట యది. ఇచట బాయి యనగా నీళ్ల బావి కాదు, బొగ్గుగని. దినమునకు మూడు షిఫ్టులు. మూడు మార్లు మగవారు నేలలోనికి దిగుదురు, మూడు మార్లు పైకి వత్తురు. దిగునపుడు గని మొగదలనున్న మైసమ్మకు దండము పెట్టి దిగుదురు. ఇంటిలో దేవుని మూల దీపము పెట్టి కూర్చుండునది మనము. కావున విశ్వాసమనునది మా కొక చర్చకాదు. గడియారమువలె, కుంపటివలె ఇంటిలో నిత్యము వాడుకొను వస్తువు.

మా వారు రెండవ షిఫ్టునకు పోయిన యొకనాటి సాయంకాలము, హైదరాబాదులో చదువుకొనుచు సెలవులకు వచ్చిన మా యమ్మాయి, “అమ్మా, ఈ సినిమా నువ్వు, బాపమ్మ తప్పకుండా చూడాలె” అని మమ్ముల నిద్దఱిని కూర్చుండబెట్టినది. మా యత్తగారికి డెబ్బది యాఱేండ్లు. సినిమా యనగా ఆమెకు మాయాబజారు తరువాత ఏదియు లేదు. అయినను మనుమరాలి మాట కాదనలేక చీపురుపుల్లలు చీల్చుకొనుచు కూర్చుండిరి.

ఆ చిత్రము ‘లైఫ్ ఆఫ్ పై’. కెనడా రచయిత యాన్ మార్టెల్ 2001లో వెలువరించిన నవల దానికి మూలము. ఆ నవలకు 2002లో బుకర్ బహుమతి వచ్చినది. తైవాన్ దేశీయుడైన ఆంగ్ లీ దానిని 2012లో తెఱకెక్కించెను. మఱుసటి యేట నాలుగు ఆస్కారు బహుమతులు వచ్చినవి. కథ మొదలగునది మన యిరుగుపొరుగుననే, పుదుచ్చేరిలో. బాలుని తల్లిగా నటించిన టబు మన హైదరాబాదులో పుట్టినదని చెప్పగా అత్తగారు పుల్లలు ప్రక్కకు పెట్టి కన్నులు చిట్లించి చూచిరి.

పై యనువాడు జంతుప్రదర్శనశాల నడుపు పటేలుగారి చిన్నకుమారుడు. తండ్రి హేతువాది, దేవుండ్ల నందఱిని ఒక్కమారే నమ్ముట ఎవ్వరిని నమ్మకుండుటతో సమానమని ఆయన వాదము. తల్లి మాత్రము, బాహ్యమును శాస్త్రము చెప్పగలదేమో గాని లోపలి దానిని చెప్పజాలదని మెల్లగా నడ్డుపడును. బాలుడు ఇంటి విష్ణువును విడువక క్రీస్తును పట్టుకొనును, ఇద్దఱిని విడువక నమాజును నేర్చుకొనును. మన్నుతిన్న కృష్ణుని నోట యశోద బ్రహ్మాండమును చూచిన కథ వానికి మొదటి విద్య. ఆ ఘట్టము వచ్చినపుడు అత్తగారు “ఇది మనదే” యని తృప్తిగా తలయూచిరి.

కుటుంబము జంతువులతోగూడ జపానువారి యోడమీద కెనడాకు పోవుచుండగా పసిఫిక్ మహాసముద్రములో తుపానున ఓడ మునుగును. చిన్నపడవలో మిగిలినది బాలుడు, కాలు విఱిగిన చాఱలగుఱ్ఱము, ఒరాంగుటాన్ అను పెద్దకోతి, దుమ్ములగొండి, పడవ కప్పుక్రింద దాగిన బెంగాలు పెద్దపులి. దుమ్ములగొండి గుఱ్ఱమును, కోతిని చంపును. పులి దుమ్ములగొండిని చంపును. అటుపిమ్మట పులియు బాలుడును ఇన్నూట యిరువదియేడు దినములు నడిసముద్రమున తేలుదురు. పుట్టిననాటినుండి శాకాహారియైన ఆ పిల్లవాడు మొదటిసారి చేపను చంపి, ఏడ్చుచు, చేప రూపున వచ్చి ప్రాణము నిలిపితివని విష్ణువునకు కృతజ్ఞత చెప్పు ఘట్టమున మా కన్నులు చెమ్మగిల్లినవి. మత్స్యావతారమును చిన్ననాటినుండి వినుచునే యున్నాము గాని, ఆకలిగొన్నవాని యెదుట అవతార మేమి చేయునో అపుడు గాని మాకు తట్టలేదు.

కడకు మెక్సికో తీరమున పడవ ఒడ్డెక్కును. పులి అడవి యంచున నిమిషము నిలిచి, వెనుదిరిగి చూడకయే పోవును. అంతటితో ముగిసియున్న ఇది పిల్లల కథయే. కాని ఓడ మునిగిన కారణము విచారించుటకు జపాను నుండి ఇద్దఱు వత్తురు. వారు పులి కథను నమ్మరు. అపుడా బాలుడు పడక మీదనే యుండి రెండవ కథ చెప్పును. పడవలో నున్నది జంతువులు కావు. కాలు విఱిగిన యొక నావికుడు, ఓడ వంటవాడు, తన తల్లి, తాను. వంటవాడు నావికుని చంపెను, తల్లిని చంపెను. తాను వంటవానిని చంపెను. చాఱలగుఱ్ఱము నావికుడు, కోతి తల్లి, దుమ్ములగొండి వంటవాడు. పులి యెవ్వరో వేఱుగ చెప్పనక్కఱలేదు. పెద్దవాడైన పై తన కథ వ్రాయవచ్చిన రచయితను ఏ కథ బాగున్నదని యడుగును. పులి కథయే యని యతడనగా, దేవుని విషయమును అట్టిదే యని పై చెప్పును. విచారణాధికారులును తమ నివేదికలో పులినే వ్రాసికొనిరని చివర తెలియును.

సినిమా ముగియగానే మా యమ్మాయి లెక్క తేల్చినది. “రెండోదే నిజం అమ్మా. మొదటిది వాడు బతకడానికి అల్లుకున్నది.” దానికి ఆమె సాక్ష్యములును చూపినది. ఆ పులికి పెట్టిన పేరు రిచర్డ్ పార్కర్. 1884లో మిన్యొనెట్ అను ఇంగ్లీషు నౌక మునిగి నలుగురు చిన్నపడవలో చిక్కుకొనగా, ఆకలికి తాళలేక చంపి తినబడిన పదునేడేండ్ల పిల్లవాని పేరు రిచర్డ్ పార్కర్. చంపిన యిద్దఱికి లండనులో మరణశిక్ష విధించి, పిదప ఆఱు నెలల చెఱగా తగ్గించిరి. అంతకు ముందే, 1838లో ఎడ్గార్ అలన్ పో వ్రాసిన నవలలోను అట్లే తినబడినవాని పేరు అదియే. రచయిత తెలిసియే ఆ పేరు పెట్టెను గనుక, పులి వెనుక నున్నది మనుష్యుల ఘోరమే యని మా పిల్ల సిద్ధాంతము.

వాదము బాగుగనే యున్నది. కాని దానిని మొట్టమొదట కదలించినది మా యత్తగారు. జపాను విచారణాధికారులు, అరటిపండ్లు నీట తేలవు గనుక కోతి అరటిగెలలమీద తేలి వచ్చెననుట అబద్ధమని బాలుని నిలదీయుదురు. అత్తగారు లేచి, గంపలోని అరటిపండొకటి తీసి బకెటులో వేసిరి. అది తేలినది. “చూసినవా? చదువుకున్నోళ్లే తప్పు చెప్పిన్రు” అని నవ్విరి. మా యమ్మాయియు నవ్వినది గాని, అరటిపండు తేలినంత మాత్రమున పులి యున్నట్లు కాదని పట్టు విడువలేదు.

త్రోవలో బాలునికి తగులు ఆ దీవిని గూర్చియు మువ్వురకు మూడు తలంపులు. పగలు తియ్యని నీరు, తిన్నంత గడ్డ, వేలకొలది మీర్‌క్యాట్ అను చిన్న జంతువులు. రాత్రియైనచో ఆ నీరే ఆమ్లమై అన్నిటిని కరగించును. పూవువంటి యొక మడతలో మనుష్యుని పన్ను దొరకును. అది శవమును తినిన పాపమునకు గుర్తని మా యమ్మాయి యన్నది. దూరమునుండి చూపినపుడు ఆ దీవి పండుకొన్న మనిషి యాకారమున నుండుట చూచి, “శేషశాయి” యని అత్తగారు చేతులు జోడించిరి. మాకు తోచినది వేఱు. దుఃఖములో మునిగినవారికి ఇట్టి దీవి యొకటి దొరకును. అచట తిండి యుండును, నీడ యుండును. లేచి పోవలెనను తలంపు మాత్రము మెల్లగా కరగిపోవును. భర్తను పోగొట్టుకొని పదియేండ్లు కిటికీయొద్దనే కూర్చుండిపోయిన యాడువారిని మా కాలనీలలో చూచియున్నాము. ఒక్క దీవి మువ్వురకు మూడైనదనగా చిత్రమున లోపమున్నదని కాదు. చూచువారి బరువు ఎవ్వరిది వారే తెచ్చుకొందురు.

ప్రాణాపాయమునుండి బయటపడు చిత్రము లన్నియు ఇట్లు సందేహమున నిలువవు. 1989 నవంబరులో రాణిగంజు ప్రాంతపు మహావీర్ గనిలో నీరు పొంగి చిక్కుకొన్న 65 మంది శ్రామికులను, ఇనుప గొట్టమువంటి పెట్టెలో ఒక్కొక్కరినిగా పైకి లాగిన జస్వంత్ సింగ్ గిల్ గారి కథను 2023లో ‘మిషన్ రాణిగంజ్’ అను పేర చిత్రముగా తీసిరి. దానిని మా కాలనీలో ఊపిరి బిగబట్టి చూచితిమి. అచట ఎంతమంది దిగిరి, ఎంతమంది వచ్చిరి యను లెక్క గలదు; సాక్షులు గలరు. నడిసముద్రమున సాక్షి లేడు. సాక్షి లేనిచోటనే విశ్వాసమునకు పని పడును. మన పోతనగారి గజేంద్రుడుగూడ పిలువకముందు, ఆ పిలువబడువాడు ఉన్నాడో లేడో యని సందేహపడెను గదా. సందేహించినందున వాని భక్తికి లోటని ఎవ్వరును అనలేదు.

ఇంతవఱకు చర్చ సుఖముగనే సాగినది. అపుడు మా యమ్మాయి తలవని తలంపుగా, “మరి బాపమ్మా, తాత బర్రె కథ కూడ ఇట్లాంటిదేనా?” అని యడిగినది. మా గుండె ఒక్కమారు ఆగినట్లయ్యెను.

ఆ కథ మా యింట పుట్టిన ప్రతి బిడ్డయు విన్నదే. ఏబది యేండ్లకు పూర్వము, రేవులో నాటుపడవలు తిరుగు దినములలో, మా మామగారు తమ తమ్మునితో గూడ అవతలి గట్టునకు పోయి సందెవేళ తిరిగి వచ్చుచుండగా శ్రావణపు వఱదలో పడవ బోర్లపడినది. పడవవాడు ఈది గట్టు చేరెను గాని చీకటిలో వీరిని చూడలేదు. అన్నదమ్ములు నీళ్లలో కొట్టుకొనిపోవుచుండగా గంగమ్మ బఱ్ఱె రూపమున వచ్చెనట. మామగారు దాని తోక పట్టుకొనిరి. తమ్ముని గంగమ్మ తన యొడిలోనికి తీసికొనెను. తెల్లవారి మామగారు దిగువ నొక ఇసుకదిబ్బపై దొరికిరి. తమ్ముడు దొరకనే లేదు. పోలీసు పటేలు పంచనామాలో బఱ్ఱెయు లేదు, గంగమ్మయు లేదు. పడవ బోల్తాపడి ఒకరు మృతి యని మాత్రమే కలదు. నాటినుండి ప్రతి శ్రావణమున అత్తగారు ఏటి గట్టునకు పోయి, గంగమ్మకు పసుపు కుంకుమ లిచ్చి, కంటబడిన బఱ్ఱెకు పచ్చగడ్డి పెట్టి వత్తురు.

మామగారు బాయిపని చేసినన్నాళ్లు జీతములో సగము తమ్ముని భార్యకు ఇచ్చుచు వచ్చిరి. ఆ చిన్నత్తగారు మా పొయ్యి వంటయే తినిరి. ఆమె కుమార్తె పెండ్లి మా వాకిటనే జరిగినది.

పండ్రెండేండ్ల క్రిందట మామగారు మంచము పట్టిన యాఖరి నెలలో, ఒక రాత్రి మేము గంజి త్రాగించుచుండగా, మా చేయి పట్టుకొని రెండవ కథ చెప్పిరి. “బర్రె లేదు బిడ్డా. ఒక్క కొయ్య ఉండె. ఇద్దరం పడితే మునుగుతుండె. వాని చెయ్యి నేనే ఇడిసిన.” అంతియే. మఱల ఆ మాట ఎత్తలేదు. మేము ఎవ్వరికిని చెప్పలేదు. మా వారికిని చెప్పలేదు. చిన్నత్తగారికి అన్నము వడ్డించినపుడెల్ల ఆ మాట మా గొంతున అడ్డుపడెడిది. రెండేండ్ల క్రిందట ఆమెయు గతించినది. బఱ్ఱె కథ విన్నపుడెల్ల, ఇది కల్ల, ఆ గంజి నాటి మాటయే నిజమని లోలోపల తీర్పు చెప్పుకొని యుంటిమి. మా యమ్మాయి సినిమాకు చెప్పిన తీర్పే మేము మా మామగారికిని చెప్పితిమన్నమాట.

ఆ సాయంకాలము అత్తగారు తొణకలేదు. “అరటిపండు తేలింది, బర్రె ఈదదా?” అని మనుమరాలిని నవ్వించి పంపివేసిరి.

రాత్రి పదునొకండు గంటలైనది. మా వారి షిఫ్టు దిగువేళ. అరుగుమీద ఇద్దఱము ఎదురుచూచుచు కూర్చుంటిమి. అత్తగారు చీఁకటిలోనికి చూచుచు, “నీకు కొయ్య ముచ్చట చెప్పిండు గదా?” అనిరి.

మేము నోట మాట రాక తలయూపితిమి.

“నాకు మెలకువల ఎన్నడు చెప్పలే. నిద్రల చెప్పిండు. ‘ఇడువకు తమ్మీ, ఇడువకు’ అని ఒర్రేటోడు. ఎన్ని రాత్రులో. ఇడిసినోడు ఇడువకు అంటడా బిడ్డా?” కొంత తడవూరకుండి మరల అనిరి. “వాడే ఇడిసిండో, ఈయన ఇడిసిండో, ఏరే గుంజుకపోయిందో. గా చీకట్ల ఆయనకే తెల్వదు. బతికొచ్చినోడు తప్పు తనదే అనుకుంటడు.”

“మరి బఱ్ఱె?” అని యడిగితిమి.

“తెల్లారి దొరికినప్పుడు ఎట్ల బతికినవు అంటె ‘గంగమ్మ’ అన్నడు. గంతే. ఏ రూపంల వచ్చిందో చెప్పలే. ఇంట్ల చెల్లె ఏడుస్తుండె, పసిపిల్ల ఉండె. ఏం చెప్పాలె? బర్రెను నేను కలిపిన. తర్వాత ఆయన సుత గదే చెప్పిండు. ఒక్క పొయ్యి మీద రెండిండ్లు తిన్నయి. యాభై యేండ్లు పెట్టిన గడ్డి అబద్ధమా?”

దూరమున మోటారుసైకిలు చప్పుడు వినవచ్చినది. మా వారు వచ్చి, కాళ్లు కడుగుకొని, ఏమి మాటలాడుచున్నారని యడిగిరి. సినిమా ముచ్చట యని చెప్పితిమి. అన్నము వడ్డించితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పండ్రెండేండ్లుగా మేము నిజమని మోసిన రెండవ కథగూడ ఒక కథయే కావచ్చునని అపుడు గాని తోచలేదు. క్రూరముగ నున్న మాట వెంటనే నిజమని, మెత్తగ నున్న మాట వెంటనే కల్పన యని మనము తలంతుము. అదియు ఒక నమ్మకమే. దానికిని సాక్షి లేడు. చిత్రములోని బాలుడు తల్లిని పోగొట్టుకొని, ఆకలితో, ఒంటరితనముతో ఎనిమిదినెలలకు దగ్గఱగా గడిపినవాడు. అట్టివాని నోట పులి కల్పన యగునెడల, వంటవాని చంపితిననుట కల్పన కాజాలదా? మొదటిదాని నల్లినది భయమైనచో, రెండవదాని నల్లినది నేరభావము కావచ్చును. దర్శకుడు రెండవ కథను బొమ్మలుగా చూపక, ఆ పిల్లవాని ముఖమునే చూపుచు చెప్పించుట బహుశః ఇందులకే యని మాకు తోచినది. మనము చూచినది వాని కన్నీరు మాత్రమే. అది రెండు కథలకును ఒక్కటే.

మఱియొక సంగతి. గంగమ్మ వచ్చినది మామగారి నమ్మకము. బఱ్ఱె రూపమిచ్చినది ఇంటి యాడుది. దేవుడు ఉండుట యొకటి. వానికి మన వాకిటికి తగిన రూపమిచ్చి, దాని చుట్టు అన్నము, గడ్డి, దీపము నిలుపుట వేఱొకటి. ఈ రెండవ పనిని మన తల్లులు ఎన్నాళ్లనుండి పేరు లేకుండ చేయుచున్నారో యని అత్తగారి ప్రక్కన కూర్చుండి తలంచితిమి. దానిని మూఢత్వమని ఒక్క మాటలో త్రోసివేయుటకు మాకు ధైర్యము చాలలేదు. అట్లని, అడిగిన బిడ్డకు దాచుటకును మనసొప్పలేదు. బఱ్ఱె కథ చాటున పెద్దలు ఒక్క పొయ్యి నిలిపిరి, నిజమే. కాని మామగారు ఆ కొయ్య బరువు ఒంటరిగ మోసి మోసి కడకు కోడలి చేతిలో పెట్టి పోయిరి. ఆ బరువు మఱియొక తరమున ఒంటరిగ నుండరాదనిపించినది.

కావున సెలవులు ముగియకముందే, అత్తగారి యనుమతితో, ముందు మా వారికి, పిదప మా యమ్మాయికి మూడు మాటలు చెప్పితిమి: బఱ్ఱె, కొయ్య, నిద్రలోని కేక. మా వారు చాల సేపు మాటలాడలేదు. తరువాత లేచి తండ్రి పటమునకు ఎదురుగ కాసేపు నిలుచుండి వచ్చిరి. మా యమ్మాయి మాత్రము, “ఇందులో ఏది నిజం?” అని అడుగబోయి, అడుగక, “బాపమ్మ ఈసారి ఏటికి ఎప్పుడు పోతది?” అని యడిగినది.

శ్రావణము వచ్చినది. ఆమె ఆదివారమునకు హైదరాబాదునుండి వచ్చినది. మువ్వురము ఏటి గట్టునకు పోతిమి. అత్తగారికి మోకాళ్లు పట్టివేయుటచే గడ్డిమోపు మా యమ్మాయియే ఎత్తుకొన్నది. నీరు నిండుగ, మట్టిరంగున పాఱుచున్నది. ఒక బఱ్ఱె మెడవఱకు నీట మునిగి మమ్ము చూచుచు నిలుచున్నది. మా యమ్మాయి గడ్డి గట్టున పెట్టినది. అది మెల్లగ ఈది వచ్చి, తిని, వెనుదిరిగి చూడకయే పోయినది. అత్తగారు నవ్విరి; మేము మువ్వురము ఇంటికి వచ్చితిమి.

మీ యిండ్లలోను ఇట్టి కథ యొకటి యుండకపోదు. దానిని విప్పుటయా, ముడివేసి యుంచుటయా యనునది మీకు తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. విప్పునపుడు మాత్రము, చేదుగ నున్నదని వెంటనే నిజమని, తీయగ నున్నదని వెంటనే కల్లయని తీర్పు చెప్పవలదని మా మనవి.